ప్రభుత్వ భవనాల విద్యుత్ స్విచ్‌బోర్డులు: నిర్వహణ, తనిఖీ – ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం: ప్రభుత్వ భవనాల స్విచ్‌బోర్డులలో తలెత్తే లోపాల స్వభావాన్నీ, వాటిని గుర్తించే తనిఖీ పద్ధతులనూ ఈ వ్యాసం వివరిస్తుంది. రక్షణ సాధనాలు పసిగట్టలేని లోపాలు ఉన్నందువల్లనే క్రమబద్ధమైన తనిఖీ అనివార్యమవుతున్నదని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: స్విచ్‌బోర్డు, వదులు కీలు, న్యూట్రల్, ఎర్తింగ్, మెగ్గర్, తనిఖీ రిజిస్టరు.

1. ఉపోద్ఘాతం

కలెక్టరు కార్యాలయమైనా, జిల్లా ఆసుపత్రి అయినా, కళాశాల అయినా భవనంలోని ప్రతి గదికీ విద్యుత్తు స్విచ్‌బోర్డు ద్వారానే అందుతుంది. పాత భవనాలలో బోర్డులను దీపాలు, ఫ్యాన్ల అవసరం మేరకు అమర్చారు. కంప్యూటర్లు, ఏసీలు, యూపీఎస్‌లు తరువాత వచ్చి చేరాయి. భారం పెరిగినంతగా బోర్డు మారకపోతే ప్రమాదానికి ఆస్కారం ఏర్పడుతుంది. రోగుల, విద్యార్థుల, ఉద్యోగుల ప్రాణాలతోపాటు మరో ప్రతి లేని దస్త్రాల భద్రత కూడా దీనితో ముడిపడి ఉన్నది.

2. చట్టపరమైన నేపథ్యం

విద్యుత్ చట్టం, 2003లోని 53వ సెక్షన్ భద్రతా నిబంధనలకు, 162వ సెక్షన్ విద్యుత్ తనిఖీ అధికారుల నియామకానికి ఆధారం. 1956 నాటి భారత విద్యుత్ నియమావళి స్థానంలో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో భద్రతా నిబంధనలను రూపొందించింది. 2023లో వాటి స్థానంలో కొత్త నిబంధనలు వచ్చాయి.

బోర్డు ముందు కనీసం 1 మీటరు ఖాళీ ఉండాలని 1956, 2010 నిబంధనలు రెండూ నిర్దేశించాయి. వెనుక భాగంలో తెరిచి ఉన్న కనెక్షన్లు ఉంటే, అక్కడి ఖాళీ 20 సెంటీమీటర్లకు తక్కువగానో, 75 సెంటీమీటర్లకు ఎక్కువగానో ఉండాలి. మనిషి అసలు దూరలేకుండా ఉండాలి, లేదా ఇబ్బంది లేకుండా నిలబడగలగాలి అన్నది ఇందులోని అంతరార్థం. బోర్డు ముందు బీరువాలనూ, దస్త్రాల కట్టలనూ పేర్చడం ఈ నియమాన్ని ఉల్లంఘించడమే కాక, మంటకు ఇంధనాన్ని సిద్ధం చేయడం కూడా.

3. కంటికి కనిపించని లోపాలు

కీలు వద్ద పుట్టే ఉష్ణం, విద్యుత్ ప్రవాహ వర్గాన్ని నిరోధంతో గుణించగా వచ్చే విలువకు సమానం. 80 ఆంపియర్లు ప్రవహించే కీలులో నిరోధం 1 మిల్లీఓమ్ అయితే 6.4 వాట్ల వేడి పుడుతుంది. మర వదులై, తుప్పు పట్టి నిరోధం 10 మిల్లీఓమ్‌లకు చేరితే 64 వాట్లు ఒక్క చోటనే కేంద్రీకృతమవుతాయి. వేడికి లోహం వ్యాకోచించి, చల్లబడి సంకోచిస్తూ కీలు మరింత వదులవుతుంది. అయినా ప్రవాహం 80 ఆంపియర్లే కనుక 100 ఆంపియర్ల బ్రేకరు పడిపోదు. బ్రేకరు ప్రవాహాన్ని మాత్రమే గమనిస్తుంది. కీలు ఉష్ణోగ్రత దానికి తెలియదు.

న్యూట్రల్ తీగది మరో సమస్య. కంప్యూటర్ల వంటి ఉపకరణాలు కలిగించే మూడవ హార్మోనిక్ ప్రవాహాలు మూడు ఫేజుల నుంచి వచ్చి న్యూట్రల్‌లో కలుస్తాయి. అందువల్ల ఫేజులు సమతూకంలో ఉన్నా న్యూట్రల్ వేడెక్కవచ్చు. అది తెగితే ఫేజుల వోల్టేజీ అదుపు తప్పి, తక్కువ భారమున్న ఫేజులోని ఉపకరణాలు కాలిపోతాయి.

4. తనిఖీ క్రమం

మొదటి దశ విద్యుత్తు సరఫరాలో, భారం ఉన్నప్పుడే జరగాలి. కాలిన వాసన, రంగు మారిన ఇన్సులేషన్, గుంయిమనే శబ్దం తొలి సూచనలు. థర్మల్ కెమెరాతో వేడెక్కిన కీళ్లను గుర్తించవచ్చు.

రెండవ దశలో సరఫరాను ఆపి, స్విచ్‌కు తాళం వేసి, హెచ్చరిక పలక తగిలించాలి. జనరేటరు, యూపీఎస్, సౌర ఫలకాల నుంచి విద్యుత్తు వెనుకకు వచ్చే అవకాశం ఉన్నందున మెయిన్ ఆపడంతో సరిపోదు. సరఫరా లేదని పరికరంతో నిర్ధారించుకోవాలి. ఆ తరువాతే దుమ్ము తొలగించి, తయారీదారు సూచించిన బిగింపు మేరకు మరలను బిగించాలి. అతిగా బిగించడమూ హానికరమే.

ఎలక్ట్రానిక్ ఉపకరణాలను విడదీసి, 500 వోల్టుల మెగ్గర్‌తో ఒక నిమిషం పరీక్షించినప్పుడు ఇన్సులేషన్ నిరోధం కనీసం 1 మెగాఓమ్ ఉండాలి. ఆర్‌సీసీబీలోని టెస్ట్ బటన్ ఆ సాధనం పనితీరును మాత్రమే తెలుపుతుంది. ఎర్తింగ్ బాగున్నదని చెప్పదు. కాబట్టి ఎర్త్ నిరోధాన్ని విడిగా, నేలలో తేమ తగ్గే వేసవిలో కొలవడం సమంజసం.

5. రిజిస్టరు ప్రాధాన్యం

ఒక సర్క్యూట్‌లో గత ఏడాది 200 మెగాఓమ్‌లున్న ఇన్సులేషన్ నిరోధం ఈ ఏడాది 5కు పడిపోయిందనుకుంటే, రెండు విలువలూ నిబంధన ప్రకారం ఆమోదయోగ్యమే. పడిపోయిన తీరు మాత్రం క్షీణతను సూచిస్తుంది. పాత విలువ నమోదై లేకపోతే ఈ హెచ్చరిక ఎవరికీ అందదు.

భవనాన్ని వాడే శాఖ ఒకటి, నిర్వహించే శాఖ మరొకటి అయిన చోట ఈ అవసరం ఇంకా ఎక్కువ. కాలిన వాసనను గమనించే ఉద్యోగికి బోర్డు తెరిచే అర్హత లేదు. తెరవగల ఇంజనీరు నిత్యం అక్కడ ఉండడు. ఇద్దరినీ కలిపే సాధనం రిజిస్టరే. అందులో ఫిర్యాదు తేదీ, కొలతలు, చేసిన మరమ్మతు, బాధ్యుల సంతకం ఉండాలి.

6. ముగింపు

బ్రేకరు పడలేదు కనుక బోర్డు క్షేమమన్న భావన శాస్త్రీయం కాదు. షార్ట్ సర్క్యూట్‌నూ అధిక భారాన్నీ సాధనాలు అడ్డుకుంటాయి; వదులైన కీలును మనిషి తనిఖీయే పట్టుకోవాలి. అందువల్ల బోర్డు నిర్వహణను మరమ్మతు పనిగా కాక, నిర్ణీత కాలంలో జరగవలసిన పరిపాలనా బాధ్యతగా గుర్తించడం అవసరం.