కార్బురేటర్ గుట్టు తెలిస్తే పాత బండి మొరాయించదు

తెల్లవారుజామున పాల క్యాన్లు కట్టుకుని బయలుదేరే వారికి, కూరగాయల మూటలు సంతకు చేర్చే రైతులకు పాత మోటారు సైకిలే ఇప్పటికీ ఆధారం. పది కిక్కులు కొట్టినా బండి అందుకోకపోతే కేంద్రంలో పాలు తీసుకునే వేళ దాటిపోతుంది, సంతలో బేరం చెయ్యి జారిపోతుంది. అలాంటప్పుడు స్క్రూ డ్రైవర్ తీసుకుని కార్బురేటర్‌పై కనబడిన స్క్రూనల్లా తిప్పేయడం చాలామందికి అలవాటు. చిన్న లోపం కాస్తా పెద్దదయ్యేది అక్కడే. కార్బురేటర్‌కు కావలసింది ముందుగా శుభ్రం. తిప్పుడు ఆ తర్వాతే.

2020 ఏప్రిల్ 1 నుంచి భారత్ స్టేజ్-6 నిబంధనలు అమలులోకి రావడంతో కొత్త మోటారు సైకిళ్లు ఫ్యూయల్ ఇంజెక్షన్ పద్ధతికి మారాయి. దాంతో షెడ్లలో పని నేర్చుకునే కుర్రవాళ్లకు కార్బురేటర్ విప్పే అవకాశం తగ్గుతోంది. బుల్లెట్, రాజ్‌దూత్, యెజ్డీ, తొలినాళ్ల హీరో హోండా వంటి బండ్లు ఉన్నవారు ఈ పని కొంతైనా తెలుసుకోవడం మంచిది.

లోపం ఎక్కడ?

కార్బురేటర్ అడుగున ఉండే గిన్నెలో పెట్రోలు ఎప్పుడూ ఒకే మట్టంలో నిలుస్తుంది. మేడమీది నీళ్ల ట్యాంకులో బంతి లేచి నీటిని ఆపినట్లే ఇక్కడ ఫ్లోట్ లేచి పెట్రోలును ఆపుతుంది. ఇంజన్ పీల్చే గాలి ఇరుకు దారిలో వేగంగా పోతూ జెట్ల గుండా పెట్రోలును పైకి లాగుతుంది. బండి స్లోలో ఉన్నప్పుడు పైలట్ జెట్, సగం రేసులో నీడిల్, పూర్తి రేసులో మెయిన్ జెట్ ముఖ్యంగా పనిచేస్తాయి.

అందుచేత రేసులో బాగా పోయే బండి స్లోలో ఆగిపోతుంటే పైలట్ జెట్‌ను అనుమానించాలి. స్లో బాగుండి, పూర్తి రేసులో గుక్క పడుతుంటే మెయిన్ జెట్‌నో, పెట్రోలు రాకనో చూడాలి. గిన్నె నుంచి పెట్రోలు పొర్లుతుంటే నీడిల్ వాల్వు దగ్గర నలుసు చేరిందనో, ఫ్లోట్‌కు చిల్లు పడిందనో అర్థం.

కార్బురేటర్ విప్పే ముందు ప్లగ్గు, ఎయిర్ ఫిల్టర్, పెట్రోలు కాక్, ట్యాంకు మూతలోని గాలి రంధ్రం చూసుకోవాలి. చాలాసార్లు లోపం అక్కడే బయటపడుతుంది.

పిన్నీసు వద్దు

జెట్లు మెత్తని ఇత్తడివి. పిన్నీసుతోనో ఇనుప తీగతోనో పొడిస్తే రంధ్రం పెద్దదై, ఆపై బండి పెట్రోలు తాగేస్తుంది. జెట్లను పెట్రోలులో కడిగి, పంక్చరు షాపులో గాలి కొట్టిస్తే సరిపోతుంది. ఈ పని ఆరుబయటే చేయాలి. బీడీ, పొయ్యి, గడ్డివాము దరిదాపుల్లో ఉండరాదు.

స్క్రూ తిప్పే పద్ధతి

ముందుగా ఇంజన్ బాగా వేడెక్కాలి. స్క్రూను మెల్లగా బిగిస్తూ, ఆనేదాకా ఎన్ని చుట్లు వచ్చాయో రాసి పెట్టుకోవాలి. గట్టిగా బిగిస్తే మొన దెబ్బతింటుంది. తర్వాత సుమారు ఒకటిన్నర చుట్లు వదిలి, ఇంజన్ ఆడుతుండగా పావు చుట్టు చొప్పున అటూ ఇటూ తిప్పి చూడాలి. ఇంజన్ ఎక్కడ నిలకడగా, ఎక్కువ వేగంతో ఆడితే అక్కడ ఆపి, స్లో స్క్రూతో వేగం తగ్గించుకోవాలి.

ఎయిర్ ఫిల్టర్ వైపున్నది గాలి స్క్రూ. దాన్ని బిగిస్తే పెట్రోలు పాలు పెరుగుతుంది. ఇంజన్ వైపున్నదైతే బిగిస్తే పెట్రోలు తగ్గుతుంది. ఈ తేడా తెలియక తిప్పితే ఫలితం తలకిందులవుతుంది.

సరిచేశాక కొంతదూరం నడిపి ప్లగ్గు విప్పి చూడాలి. మొన లేత ఇటుక రంగులో ఉంటే పాలు కుదిరినట్లే. నల్లగా మసిబారితే పెట్రోలు ఎక్కువ, తెల్లగా ఉంటే తక్కువ. మైలేజీ కోసం మరీ తగ్గిస్తే ఇంజన్ కాగిపోతుంది. రాజ్‌దూత్ వంటి టూ స్ట్రోక్ బండ్లకు పెట్రోలుతో కలిసే ఆయిలు అందాలి కనుక, పెట్రోలు తగ్గితే ఆయిలూ తగ్గి పిస్టన్ పట్టేసే ప్రమాదం ఉంది.

ఇథనాల్‌తో జాగ్రత్త

2025 నాటికి పెట్రోలులో ఇథనాల్ 20 శాతానికి చేరింది. ఇథనాల్ తేమను పీలుస్తుంది. బండి ఎక్కువకాలం కదలకపోతే గిన్నె అడుగున నీరు చేరి జెట్లకు పాచి పట్టవచ్చు. పాతకాలపు రబ్బరు గొట్టాలు, వాషర్లు ఉబ్బడం, పగలడం కూడా ఉంటుంది. వాటిని ఏటా ఒకసారి చూసి మార్చుకోవాలి. వారం పది రోజులు బండి తీయని వారు కాక్ కట్టేసి, గిన్నెలోని పెట్రోలు అయిపోయేదాకా ఇంజన్ ఆడించి ఆపితే, మళ్లీ తీసిన రోజు కిక్కులు కొట్టే బాధ చాలావరకు తప్పుతుంది.