స్టెంట్ వేసుకున్నాక నూనా, నెయ్యా? ఇన్‌ఫ్లమేషన్ మాట కొంచెం వివరంగా

ఈ వారం ఎపిసోడ్‌లో టైమ్ చాలక హడావిడిగా దాటేసిన ప్రశ్న ఒకటుంది. న్యూజెర్సీ నుంచి ఒక శ్రోత అడిగారు: "మా నాన్నగారికి స్టెంట్ వేశారండీ. సన్‌ఫ్లవర్ నూనెతో ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ పెరుగుతుందని వాట్సాప్‌లో ఎవరో పంపారు. అప్పట్నుంచి నూనె మానేసి అన్నిటికీ నెయ్యే వాడుతున్నారు. ఇది మంచిదేనా?"

ముందు, గుండెకీ ఇన్‌ఫ్లమేషన్‌కీ సంబంధం ఏమిటో చూద్దాం. చెడు కొలెస్ట్రాల్ (ఎల్‌డీఎల్) రక్తనాళం గోడలోకి దూరితే, దాన్ని మింగడానికి తెల్ల రక్తకణాలు వస్తాయి. మింగీ మింగీ అక్కడే ఉబ్బిపోయి పూడికలో భాగమవుతాయి. దెబ్బ తగిలిన చోట వాచినట్టే అక్కడా ఒక రగడ నడుస్తూ ఉంటుంది, కాకపోతే మనకి నొప్పి తెలియదు. ఆ రగడ వల్ల పూడిక మీది పొర పల్చబడి చిట్లితే, రక్తం గడ్డకట్టి గుండెపోటు వస్తుంది. ఇది ఊహ కాదు. 2017లో వెలువడిన కాంటోస్ ప్రయోగంలో, ఇదివరకే గుండెపోటు వచ్చిన 10 వేల మందికి పైగా పాల్గొన్నారు. కొలెస్ట్రాల్ జోలికి పోకుండా ఇన్‌ఫ్లమేషన్‌ని మాత్రమే తగ్గించే ఇంజెక్షన్ ఇస్తే, మధ్య మోతాదు తీసుకున్నవాళ్ళలో గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు మరణాలు కలిపి 15 శాతం తగ్గాయి.

సరే, మరి నూనె సంగతి? సన్‌ఫ్లవర్, నువ్వులు, పల్లీ నూనెల్లో లినోలిక్ ఆమ్లం అనే ఒమేగా-6 కొవ్వు ఉంటుంది. దాన్నుంచి శరీరం అరాకిడోనిక్ ఆమ్లం తయారు చేస్తుంది, దాన్నుంచి వాపు పుట్టించే పదార్థాలు కొన్ని వస్తాయి. వాట్సాప్ వాదన ఇక్కడిదాకా కరెక్టే. కానీ ఆ మార్పిడికి శరీరం గట్టి తాళం వేసి ఉంచుతుంది. లినోలిక్ ఎక్కువ తిన్నంత మాత్రాన రక్తంలో అరాకిడోనిక్ పెరగదు. మనుషుల మీద చేసిన ప్రయోగాల్లో సీఆర్‌పీ లాంటి ఇన్‌ఫ్లమేషన్ సూచికలూ పెరగలేదు. పైగా వాపుని చల్లార్చే పదార్థాలు కొన్ని అదే అరాకిడోనిక్ నుంచి వస్తాయి!

నెయ్యిలో 60 శాతానికి పైగా, కొబ్బరి నూనెలో 80 శాతానికి పైగా సంతృప్త కొవ్వే. అది ఎల్‌డీఎల్ పెంచుతుందన్నది బాగా రుజువైన విషయం. అసలు ఆ రగడకి మూలం ఎల్‌డీఎల్ కాబట్టి, నిప్పుకి భయపడి కట్టెలు పేర్చుకున్నట్టే. పప్పన్నంలో ఒక చెంచా నెయ్యి గురించి కాదండీ నేననేది, వంటంతా నేతితో చేయడం గురించి.

ఇన్‌ఫ్లమేషన్ విషయంలో నిజంగా దోషి ట్రాన్స్ కొవ్వు, అంటే మన డాల్డా, పఫ్‌ల కొవ్వు. ఇది ఎల్‌డీఎల్‌నీ పెంచుతుంది, వాపు సూచికల్నీ పెంచుతుంది. అమెరికాలో దీన్ని తీసేయమని 2015లో ఎఫ్‌డీఏ చెప్పింది. ఇండియాలో 2022 నుంచి 2 శాతం పరిమితి ఉంది. అయినా గారెలు వేయించిన నూనెనే మళ్ళీ మళ్ళీ కాచే అలవాటు మన ఇళ్ళల్లో పోలేదు. దానివల్లా నూనె చెడుతుంది.

గుండెజబ్బు ఉన్నవాళ్ళ మీదే చేసిన మంచి ప్రయోగం స్పెయిన్‌లోని కోర్డోబాలో జరిగింది. 1,002 మందిని రెండు గుంపులు చేసి ఏడేళ్ళు చూశారు. 2022లో వచ్చిన ఫలితం: కొవ్వు బాగా తగ్గించి తిన్న 500 మందిలో 111 మందికి, ఆలివ్ నూనె, చేపలు, గింజలతో మధ్యధరా భోజనం తిన్న 502 మందిలో 87 మందికి గుండెపోటు లాంటి పెద్ద ఇబ్బంది వచ్చింది. తేడా మగవాళ్ళలోనే స్పష్టంగా కనిపించింది, ఆడవాళ్ళు ఆ ప్రయోగంలో తక్కువమందే. మేలంతా ఇన్‌ఫ్లమేషన్ తగ్గడం వల్లేనని మాత్రం చెప్పలేం.

చేప తినేవాళ్ళు వారానికి రెండుసార్లు సాల్మనో, మన కవళ్ళలాంటి సార్డీన్లో తినొచ్చు, వేపుడు కాకుండా పులుసు. చేప నూనె గుళికలు మాత్రం డాక్టర్‌ని అడగకుండా మింగొద్దు. ఎక్కువ మోతాదులో గుండె లయ తప్పే ప్రమాదం పెరుగుతుంది.

ఆ శ్రోత ఇంకో మాటా అడిగారు: నాన్నగారి సీఆర్‌పీ 6 వచ్చిందట, నూనె వల్లేనా అని. జలుబు చేసినా, పంటి చిగురు వాచినా అది పెరుగుతుంది. ఒంట్లో బాగున్నప్పుడు రెండు వారాలు ఆగి మళ్ళీ చేయించమనండి. స్టాటిన్ మాత్ర మాత్రం ఈలోపు ఆపొద్దు. అది ఎల్‌డీఎల్‌తో పాటు సీఆర్‌పీని కూడా తగ్గిస్తుంది.