పశువు తినని చెక్కే పచ్చికకు చౌక
బస్తా ధర కాదు, నత్రజని ధర చూడాలి

ఇంటి ముందు లాన్ పెంచుకునేవారు నర్సరీలలోను, విత్తనాల దుకాణాలలోను అడిగే ఎరువుకు మూడు లక్షణాలు వుండాలి. అది నెమ్మదిగా పనిచేయాలి, గడ్డిని మాడ్చకూడదు, ధర అందుబాటులో వుండాలి. నూనెగింజల చెక్కలు ఈ గిరాకీకి సరిపోయే సరుకు. అయితే ఏ చెక్క చౌక అన్న ప్రశ్నకు బస్తా ధర జవాబు చెప్పదు. బస్తాలో వున్న నత్రజనికి ఎంత పడుతున్నదో లెక్క కట్టినప్పుడే అసలు ధర తేలుతుంది. ఆ లెక్కలో పశువులు తినే చెక్క కంటె తినని చెక్కకే మొగ్గు వుంటుంది.

దాణాకు పోయేది, పోనిది

వేరుశనగ, నువ్వులు, పొట్టు తీసిన పత్తిగింజ, సోయా చెక్కలకు మొదటి కొనుబడిదారు దాణా వర్తకుడు. ఆయన మాంసకృత్తుల శాతం చూచి ధర కడతాడు. ఆ శాతాన్ని 6.25తో భాగిస్తే నత్రజని శాతం వస్తుంది. 45 శాతం మాంసకృత్తులున్న సోయా చెక్కలో నత్రజని 7.2 శాతం అన్నమాట. ఎరువుగా ఇది మేలైన సరుకే. కాని లాన్ యజమాని దానిని కొనాలంటే కోళ్ల దాణా, పశువుల దాణా తయారీదారులతో పోటీ పడి కొనాలి.

ఆముదం, వేప, కానుగ, ఇప్ప చెక్కలను మామూలుగా దాణాకు వాడరు. వాటికి ప్రధానంగా ఎరువు గిరాకీయే ఆధారం. వీటిలో ఆముదపు చెక్క రాబడి ఎక్కువ. దేశంలో ఆముదాల పంటకు గుజరాత్ మొదటి స్థానం. తెలంగాణలో మహబూబ్‌నగర్, నల్లగొండ ప్రాంతాలు ఈ పంటకు పాత పేరున్నవి. దక్షిణ కొరియా వంటి దేశాలకు ఈ చెక్క ఎరువుగానే ఎగుమతి అవుతుంది గనుక రేవు కొనుబళ్లు పెరిగినప్పుడు లోపలి బజారులోను ధర కదులుతుంది. వేప సంగతి వేరు. గింజను వేసవిలో చెట్ల కింద చేతితో ఏరాలి. సరుకు పరిమితం. పురుగులను అరికట్టే గుణానికి కూడా అందులో ధర కలిసి వుంటుంది.

క్వింటాలు లెక్క

లెక్క సులభం. 4.5 శాతం నత్రజని వున్న చెక్క ఒక క్వింటాలులో 4.5 కిలోల నత్రజని వుంటుంది. కనుక క్వింటాలు ధరను నత్రజని శాతంతో భాగిస్తే కిలో నత్రజని ధర వస్తుంది. సాధారణంగా ఆముదపు చెక్కలో నత్రజని 4 నుంచి 4.5 శాతం, వేప చెక్కలో 5.2, కానుగలో 3.9, ఇప్పలో 2.5, వేరుశనగలో 7.3 శాతం వరకు వుంటుంది. పశువుల ఎరువులో అర శాతమే.

ఈ కింది ధరలు లెక్క చూపడానికి వేసుకున్నవే గాని బజారు ధరలు కావు. ఆముదపు చెక్క క్వింటాలు 1,350 రూపాయలైతే, 4.5 శాతం సరుకులో కిలో నత్రజని 300 రూపాయలు పడుతుంది. పశువుల ఎరువు క్వింటాలు 200 రూపాయలకే దొరికినా కిలో నత్రజని 400 అవుతుంది. వేప చెక్క 2,340 అయితే 450, వేరుశనగ చెక్క 3,650 అయితే 500. అన్నిటికంటె చౌక బస్తా అనిపించిన పశువుల ఎరువు ఈ లెక్కలో రెండవ స్థానానికి పోయింది. రవాణా కూలి కలిపితే ఇంకా వెనక్కు పోతుంది.

దీనినుంచి దలాలీలకు పనికివచ్చే సూత్రం ఒకటి వున్నది. వేప ధర ఆముదపు చెక్క ధర కంటె 16 శాతం వరకు ఎక్కువగా వున్నా నత్రజని లెక్కలో రెండూ సమానమే. అంతకు మించి యిచ్చే ప్రతి రూపాయి నత్రజనికి కాదు, వేప గుణానికి. కొనేవారికి ఆ గుణం అవసరమైతే బేరం సరియైనదే. కేవలం గడ్డి పచ్చబడాలనుకునేవారికి అది అదనపు ఖర్చు.

యూరియాతో పోటీ లేదు

ధరలో యే చెక్కా యూరియాతో తూగదు. 2018లో 45 కిలోల బస్తా వచ్చిన తరువాత యూరియా చిల్లర ధర 266 రూపాయల 50 పైసలుగా నడిచింది. ఆ ధరకు కిలో నత్రజని 13 రూపాయల లోపే. అయితే ఆ రాయితీ వ్యవసాయానికి యిచ్చినది, పెరటి తోటలకు కాదు. పైగా యూరియా త్వరగా కరుగుతుంది. చేయి కాస్త ఎక్కువైతే గడ్డి మాడుతుంది. చెక్కలో నత్రజని మాంసకృత్తుల రూపంలో వుంటుంది. నేలలోని సూక్ష్మజీవులు దానిని విడగొడితేగాని వేరుకు అందదు. తేమ, వెచ్చదనం వుంటే వారం పది రోజులలో పని మొదలై కొన్ని వారాలపాటు సాగుతుంది. ఇప్ప చెక్క మరీ ఆలస్యంగా కుళ్లుతుంది. వేప చెక్క నత్రజని మార్పును కొంత నెమ్మది చేస్తుంది.

వెయ్యి చదరపు అడుగుల లాన్‌కు ఒక దఫా సుమారు 450 గ్రాముల నత్రజని చాలు. అంటే ఆముదపు చెక్క 10 కిలోలు. అదే పశువుల ఎరువైతే 90 కిలోలు మోయాలి. గరిక, కొరియన్ గడ్డి వెచ్చని కాలంలో పెరిగే రకాలు. కనుక తొలకరిలో ఒక దఫా, వానలు వెనుకపట్టిన తరువాత మరొక దఫా వేయడం అనుకూలం. చలి ముదిరిన తరువాత వేస్తే ఫలితం తక్కువ.

నాణ్యంలో చూడవలసినవి

మొదటిది తేమ. 8 శాతం తేమతో 4.5 శాతం నత్రజని వున్న సరుకు గోదాములో తేమ పీల్చి 15 శాతానికి వస్తే నత్రజని 4.16 శాతానికి దిగుతుంది. అదే బస్తా ధరకు కొన్నవారు నత్రజనికి 8 శాతం ఎక్కువ చెల్లించినట్లే. ఇక ఇసుక, పొట్టు కలిపిన సరుకు. మచ్చును నీటిలో కలిపి నిలవబెడితే ఇసుక అడుగున చేరుతుంది. పొట్టు కలిపినది మాత్రం ప్రయోగశాల పరీక్షలోనే బయటపడుతుంది. నూనె సంగతి కూడా చూడాలి. గానుగ చెక్కలో నూనె ఎక్కువగా మిగులుతుంది. సాల్వెంట్ తీసిన చెక్కలో ఒక శాతం అటూ యిటూ మాత్రమే వుంటుంది. నూనె మిగిలినకొద్దీ చెక్క నీరు పీల్చదు, కుళ్లడం ఆలస్యమవుతుంది, నత్రజని శాతం కూడా తగ్గుతుంది. ఎరువుకు నూనె తీసిన సరుకే మేలు. వేప విషయంలో మాత్రం కొందరు నూనె మిగిలిన చెక్కనే కోరతారు.

చౌకకు కారణమే జాగ్రత్తకు కారణం

ఆముదపు చెక్క దాణాకు పోకపోవడానికి కారణం అందులోని రిసిన్ అనే విషం. వేడి తగిలితే దాని బలం తగ్గుతుంది గాని, మిల్లునుంచి వచ్చిన ప్రతి బస్తా నిరపాయమని నమ్మరాదు. ఇండ్లలో కుక్కలు ఈ చెక్కను తిని చనిపోయిన సంఘటనలు పశువైద్యులు నమోదు చేసినవే. ఎముకల పొడి కలిపిన మిశ్రమం మరీ ప్రమాదం. ఆ వాసనకు కుక్కలు నేలను తవ్వి తింటాయి. లాన్ ఎరువుగా అమ్మే దుకాణదారు ఈ మాట చెప్పకుండా అమ్మితే లాభం బస్తా మీద, నష్టం పేరు మీద.

ఆముదపు చెక్క బస్తాలను దాణా బస్తాల పక్కన నిల్వ చేయరాదు. ఖాళీ సంచులను దాణాకు తిరిగి వాడరాదు. దీని దుమ్ము కొందరికి ఆయాసం, తుమ్ములు తెప్పిస్తుంది గనుక ఎగుమతి దిగుమతి చేసే హమాలీలు ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి. కుక్కలు, మేకలు తిరిగే యిళ్లకు వేప లేక కానుగ చెక్క సూచించడం మంచిది. ఏ చెక్క వేసినా మట్టిలో కలిపి నీరు పెట్టాలి. పైన కుప్పగా వదలరాదు.

తినదగని నూనెగింజల చెక్క 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు పరిధిలోకి కూడా వచ్చింది. ఎరువు పేరుతో సంచి కట్టి అమ్మదలచినవారు అనుమతి, చీటీ నిబంధనలు ముందే చూచుకోవాలి.

ఈ సరుకులో వ్యాపారం క్వింటాలు బేరానికీ చిల్లర పొట్లానికీ మధ్యనే వున్నది. కిలో పొట్లం కొనేవారికి నత్రజని చాలా ప్రియంగా పడుతుంది. ఒక దఫాకు కావలసింది 10 కిలోలే గనుక ఆ తూకానికే సంచి కట్టి, దానిమీద నత్రజని శాతం, వేయవలసిన విస్తీర్ణం, జంతువుల హెచ్చరిక అచ్చువేస్తే కొనేవారికి ఖర్చు తగ్గుతుంది, అమ్మేవారికి బేరం నిలుస్తుంది. ధరలు రేపు మారవచ్చు. క్వింటాలు ధరను నత్రజని శాతంతో భాగించే లెక్క మాత్రం మారదు.