మీకు తెలుసా? ఎర్త్ తప్పితే మీటరూ తప్పుతుంది

సోలాపూర్ పద్మశాలీల వాడల్లో మరమగ్గం నడుస్తుండగా పేక తెగిందంటే మగ్గం దానంతటదే ఆగిపోతుంది. కారుకు విడిగా బిగించుకునే వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సార్‌కు ఆ బుద్ధి లేదు. ఎర్త్ వైరు తప్పుచోట ఇచ్చినా బండి నడుస్తూనే ఉంటుంది, మీటరు మాత్రం తప్పు లెక్క చెబుతుంది.

గాలి, పెట్రోలు ఏ పాళ్లలో కలిసి మండాయో ఈ సెన్సార్ల కంట్రోలర్లలో చాలావరకు 0 నుంచి 5 వోల్టుల సిగ్నల్‌గా ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్‌కు (ఈసీయూ) పంపుతాయి. ఆ 5 వోల్టులను 10 నుంచి 20 దాకా నిష్పత్తికి సరిపెడితే, ఎర్త్‌లో 0.1 వోల్టు తేడాకే లెక్క 0.2 తప్పుతుంది. సాధారణంగా ఈ తేడా తెచ్చేది సెన్సార్‌ను వేడిచేసే హీటరు లాగే కరెంటు. అందుకే సిగ్నల్ ఎర్త్‌ను ఈసీయూ ఎర్త్ ఉన్నచోటే కలపాలి, బాడీ మీద దొరికిన ఏదో బోల్టుకు కాదు.

ఆ హీటరు వేడి తక్కువేమీ కాదు: ఈ రకానికే చెందిన బాష్ ఎల్‌ఎస్‌యూ 4.9 సెన్సార్‌లోని సెల్ పనిచేసేది సుమారు 780 డిగ్రీల సెల్సియస్‌లో! పొగ గొట్టంలోని నీటి చుక్క తగిలితే వేడెక్కిన పింగాణీ పగులుతుంది. సెన్సార్‌ను కరెంటు అందకుండా ఆ గొట్టంలో వదిలేసినా మసి పట్టి పాడవుతుంది. ఇక దాని కనెక్టర్‌ను కత్తిరించి వైర్లు అతికించడం శుద్ధ తెలివితక్కువ పని: ఆ సెన్సార్‌కు సరిపడా ఫ్యాక్టరీలో సరిచేసిన రెసిస్టర్ ఉండేది అందులోనే.