ఐ.టి.ఐ. నుంచి ఇంజనీరింగుకు

మణుగూరు, ఇల్లెందు గనులుగానీ, పాల్వంచ విద్యుత్ కేంద్రంగానీ ఫిట్టర్లు, ఎలక్ట్రీషియన్లు లేనిదే ఒక్క పూట నడవవు. ఆ పని నేర్చుకోవడానికి మన ఏజెన్సీ గ్రామాలలో పదో తరగతి కాగానే ఐ.టి.ఐ.లో చేరేవారున్నారు. "ఇక మనకు కాలేజీ చదువు లేనట్టే" అనుకుంటారు కొందరు. అది పొరపాటు.

రెండేళ్ల ఐ.టి.ఐ. ముగించినవారు ఎల్‌పీసెట్ రాసి, పాలిటెక్నిక్ డిప్లొమాలో నేరుగా రెండో సంవత్సరంలో చేరవచ్చు. డిప్లొమా తరువాత ఈసెట్ రాస్తే బి.టెక్.లోనూ రెండో సంవత్సరమే. రెండు చోట్లా ఒక్కో ఏడాది కలిసివస్తుందన్నమాట!

మరి చేతిపనిని చదువుగా కొలిచేదెలా? 2023లో వచ్చిన జాతీయ క్రెడిట్ విధానం ఒక కొలత చెప్పింది. 30 గంటల అభ్యాసం ఒక క్రెడిట్. ఏడాదికి 1200 గంటలు. భాగించి చూడండి, 40 క్రెడిట్లు. ఆ గంటలు తరగతిలో గడిచినా, వర్క్‌షాపులో ఆకురాయితో ఇనుము అరగదీస్తూ గడిచినా కొలత ఒకటే. కాని పరీక్షలో నెగ్గితేనే క్రెడిట్. ఊరికే కూర్చున్న గంటలు లెక్కకు రావు. వీటిని దాచుకోవడానికి 2021లో అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ మొదలైంది. అయితే దాచినవన్నీ ప్రతి కాలేజీలోనూ చెల్లుతాయనుకోకండి. చేరకముందే అడిగి తెలుసుకోవాలి.

ఇంకో చిక్కుంది. మొదటి ఏడాది తప్పితే ఆ ఏడాది గణితమూ తప్పిపోతుంది! నిజానికి లేతు మీద టేపరు కోసే టర్నరు కోణాన్ని లెక్కగట్టేది టాంజెంటుతోనే: రెండు చివరల వ్యాసాల తేడాను, పొడవుకు రెట్టింపుతో భాగించాలి. పదో తరగతి త్రికోణమితి పుస్తకాన్ని మాత్రం పాత కాగితాలవాడికి అమ్మకండి.