మత్తు వ్యసన చికిత్సలో నర్సుల పాత్ర

నిత్యం మద్యం సేవించేవారు హఠాత్తుగా మానివేస్తే 6 నుంచి 24 గంటలలో వణుకు, చెమటలు, నిద్రలేమి మొదలవుతాయి. రెండు రోజులలోపు మూర్ఛలు, ఆ తరువాత మతిభ్రమణం తలెత్తవచ్చు. చికిత్స అందనిచో ప్రాణాపాయమే.

మీర్‌పేట్, ఎల్.బి.నగర్ ప్రాంతాలలో కాలు విరిగి ఆసుపత్రిలో చేరిన వ్యక్తికీ ఈ స్థితి ఎదురుకావచ్చు. అలవాటు సంగతి కుటుంబ సభ్యులు బయటపెట్టరు. మూడో రాత్రి రోగి కలవరిస్తే పిచ్చి అని పొరబడతారు. అందుకే చేరిన రోజునే నర్సు చివరిసారి ఎప్పుడు సేవించినదీ అడిగి నమోదు చేయాలి. కల్లు గురించి విడిగా అడగడం అవసరం. చాలామంది దానిని మద్యంగా లెక్కించరు. డయాజిపామ్, అల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ వంటివి కలిపిన కల్తీ కల్లు 2015లో ఒక్కసారిగా దొరకకపోవడంతో తెలంగాణలో వందలాది మంది మూర్ఛలతో, వింత ప్రవర్తనతో ఆసుపత్రుల పాలయ్యారు.

వణుకు, చెమట, ఆందోళన తదితర 10 లక్షణాలకు 67 వరకు మార్కులు వేసే కొలమానం 1989 నుంచి వాడుకలో ఉంది. నర్సు కొద్ది నిమిషాలలో దీనిని పూర్తి చేయగలరు. మార్కులను బట్టి వైద్యులు మందు మోతాదు నిర్ణయిస్తారు. రాత్రి వేళ వైద్యుడు వార్డులో లేనప్పుడు రోగికి రక్ష ఈ పట్టికే. వ్యసనంపై పరిశోధనలకూ ఇటువంటి నమోదులే మూలాధారం.

ఇంటివద్ద బలవంతంగా ఒక్కరోజులో మాన్పించరాదని కుటుంబానికి బోధించవలసిందీ నర్సులే. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 మద్య, మాదకద్రవ్య సంబంధిత మానసిక స్థితులను తన పరిధిలో చేర్చింది. సలహాలకు టెలి మానస్ నంబరు 14416.