అరవకుండా గెలిచిన కోచ్ – టోనీ డంగీ

అమెరికన్ ఫుట్‌బాల్ మనకు తెలిసిన ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డు ఆకారపు బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తే ఆట. బంతి ఉన్న జట్టు నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు పోవాలి, లేకపోతే బంతి అవతలివారిది. దాడికి, రక్షణకు వేర్వేరు ఆటగాళ్లుంటారు. రక్షణకు వ్యూహం గీసేవాడే డిఫెన్సివ్ కోచ్. వారిలో మనం తెలుసుకోదగినవారు టోనీ డంగీ.

ఆయన 1955లో మిషిగన్ రాష్ట్రం జాక్సన్‌లో ఒక నల్లజాతి కుటుంబంలో పుట్టారు. తల్లిదండ్రులిద్దరూ ఉపాధ్యాయులు. మిన్నెసోటా విశ్వవిద్యాలయ జట్టులో దాడిని నడిపించే క్వార్టర్‌బ్యాక్‌గా ఆడారు. అయినా 1977లో ఎన్.ఎఫ్.ఎల్. వృత్తి లీగ్ ఎంపికల్లో ఏ జట్టూ ఆయన్ని తీసుకోలేదు. నల్లవారికి ఆ స్థానం ఇవ్వడం అప్పట్లో అరుదు. పిట్స్‌బర్గ్ స్టీలర్స్ జట్టు విడిగా చేర్చుకుని రక్షణలో ఆడించింది. 1981లో అక్కడే సహాయ కోచ్‌గా చేరి, 1984లో 28 ఏళ్లకే రక్షణ విభాగానికి పెద్ద అయ్యారు.

కానీ ప్రధాన కోచ్ పదవికి మరో పన్నెండేళ్లు ఆగవలసి వచ్చింది. 1996లో టాంపా బే బకనీర్స్ ఆ అవకాశం ఇచ్చింది. అక్కడ మాంటీ కిఫిన్‌తో కలిసి పదును పెట్టిన పద్ధతే 'టాంపా టూ'. వెనుక ఇద్దరు చెరో సగం కాస్తారు. మధ్యలోని లైన్‌బ్యాకర్ వెనక్కి పరుగెత్తి వారి నడుమ ఖాళీ పూడుస్తాడు. ముందున్న నలుగురే బంతి విసిరేవాడి మీదికి పోతారు. కబడ్డీలో కూతకొచ్చినవాడి వెంట అందరం పడకుండా ఎవరి చోట వారు కాసినట్టే. దీనికి భారీ శరీరం కన్నా వేగం, క్రమశిక్షణ ముఖ్యం. డంగీ ఆటగాళ్ల మీద అరిచే మనిషి కాదు. నెమ్మదిగా చెప్పేవారు, చెప్పిందే మళ్లీ మళ్లీ చేయించేవారు.

గెలుపులే ఎక్కువగా ఉన్నా 2002 జనవరిలో ఆయన్ని తొలగించారు. ఏడాది దాటిన కొద్ది రోజులకే, 2003 జనవరిలో, ఆయన కట్టిన రక్షణతోనే ఆ జట్టు కొత్త కోచ్ కింద సూపర్ బౌల్ గెలిచింది. నల్లజాతి కోచ్‌లకు జరుగుతున్న అన్యాయంపై విమర్శలు రేగి, 2003లో 'రూనీ నిబంధన' వచ్చింది. ప్రధాన కోచ్ పదవి ఖాళీ అయితే మైనారిటీ వర్గాల అభ్యర్థిని కనీసం ఒకరినైనా ఇంటర్వ్యూ చేయాలన్నది అప్పటి నియమం. ఉద్యోగం ఇవ్వమని కాదు, పిలిచి మాట్లాడమని మాత్రమే. దానికి కూడా నిబంధన కావలసి వచ్చింది!

ఈలోగా డంగీ ఇండియానాపొలిస్ కోల్ట్స్‌కు ప్రధాన కోచ్ అయ్యారు. 2007 ఫిబ్రవరి 4న ఆ జట్టు 29–17తో షికాగో బేర్స్‌ను ఓడించి సూపర్ బౌల్ గెలిచింది. ఆ విజయం సాధించిన తొలి నల్లజాతి ప్రధాన కోచ్ ఆయనే. ఓడిన జట్టు కోచ్ లవీ స్మిత్ కూడా నల్లజాతివారే, టాంపాలో డంగీ దగ్గర పనిచేసినవారే. 2016లో డంగీకి హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది.

ఇంటర్వ్యూలకు వెళ్లి వట్టి చేతులతో తిరిగొచ్చే అన్నలు మనలో ఉన్నారు. పిలుపు రాకపోవడం చేతకానితనం కాదని ఈ జీవితం చెబుతోంది. ఆ పన్నెండేళ్లూ డంగీ పని ఆపలేదు. పదవి వచ్చాక తన వెనకవారికి దారి చూపడం మరువలేదు. మనం నేర్చుకోవలసింది ఈ రెండూ.